సైన్సు పాఠానికి ప్రవర్తనా లక్ష్యాలు రాయడం: ఆమ్లాలు, క్షారాల పాఠంతో ఒక సమగ్ర మార్గదర్శి

బీఈడీ శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి పాఠ్యపథకం తెచ్చి నా ముందు పెట్టింది. ఏడో తరగతి, ఆమ్లాలు–క్షారాలు. లక్ష్యాల గడిలో మొదటి వాక్యం ఇది: "విద్యార్థులు ఆమ్లాలు, క్షారాల గురించి అవగాహన చేసుకుంటారు." పీరియడ్ అయ్యేసరికి వాళ్లకు అవగాహన కలిగిందని నీకెలా తెలుస్తుందమ్మా అని అడిగాను. "అర్థమైందా అని అడుగుతాను సార్" అంది. అడిగింది కూడా. తరగతి మొత్తం ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్" అంది. మర్నాడు అదే తరగతిలో పసుపు కాగితం (పసుపు ముద్ద పట్టించి ఆరబెట్టిన కాగితం) మీద నేను నిమ్మరసం చుక్క వేసి, "రంగు మారలేదు కదా, మరి ఇది ఆమ్లమా, కాదా?" అంటే సగం మంది కాదన్నారు. మిగిలిన సగం మంది ఆ సగం ముఖాల వైపు చూశారు.

పిల్లల తప్పేమీ లేదు. ఆ అమ్మాయి తప్పు కూడా కొంచెమే. పసుపు కాగితం క్షారాన్ని పడుతుంది గానీ ఆమ్లాన్ని పట్టలేదు. ఆమ్లంలోనూ, ఉప్పునీటిలోనూ అది పసుపుగానే ఉంటుంది. ఈ సంగతి పాఠ్యపథకం రాస్తున్నంతసేపూ ఆమెకు ఎక్కడా ఎదురుపడలేదు. "అవగాహన చేసుకుంటారు" అన్న వాక్యం ఆమెను ఏమీ అడగలేదు మరి. లక్ష్యాన్ని సరిగా రాయడానికి కూర్చుంటే అక్కడే ఎదురుపడేది. పర్యవేక్షకుడి కోసం నింపే గడిగా చాలామంది చూసే ఈ లక్ష్యాలను నేను వదలకుండా పట్టుకోవడానికి కారణం ఇదే: పాఠంలో మనం ఎక్కడ తడబడతామో అవి మనకు ముందే చూపిస్తాయి.

ముందుగా పేర్ల గొడవ

మన పుస్తకాల్లో ఉద్దేశం, లక్ష్యం, స్పష్టీకరణ అని మూడు మాటలుంటాయి. వాటిని కలగాపులగం చేయడం వల్లే సగం ఇబ్బంది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించడం ఉద్దేశం. దానికి ఏళ్లు పడుతుంది, ఒక్క టీచరు వల్ల అయ్యేది కాదు. ఆమ్ల, క్షార ధర్మాల అవగాహన లక్ష్యం. అది ఒక యూనిట్ పూర్తయ్యేసరికి రావాలి. "ఇచ్చిన ద్రావణం ఆమ్లమో కాదో పరీక్షించి చెబుతారు" అనేది స్పష్టీకరణ. ఇది ఈ పీరియడ్‌లో, ఈ గదిలో, మన కళ్ల ముందు జరగాలి. ప్రవర్తనా లక్ష్యం అని మనం అనేది ఈ మూడోదాన్నే. ఇక్కడ ప్రవర్తన అంటే మంచీ చెడూ నడవడిక కాదు. బయటికి కనిపించే పని, అంతే.

ఈ ఆలోచనకు పాత చరిత్రే ఉంది. లక్ష్యంలో విషయంతో పాటు విద్యార్థిలో రావలసిన మార్పు కూడా ఉండాలని అమెరికా విద్యావేత్త రాల్ఫ్ టైలర్ 1949లో గట్టిగా చెప్పారు. 1956లో మరో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం జ్ఞానాత్మక రంగ లక్ష్యాలను, అంటే ఆలోచనకు సంబంధించినవాటిని, ఆరు మెట్లుగా వర్గీకరించింది. 1950ల చివర్లో బ్లూమ్ మన దేశానికి వచ్చి పరీక్షల సంస్కరణ మీద పనిచేశారు కూడా. మన బీఈడీ పుస్తకాల్లో ఆయన పేరు అంతగా పాతుకుపోవడానికి అది కొంత కారణం. 1962లో రాబర్ట్ మేగర్ లక్ష్య వాక్యానికి మూడు భాగాలు చెప్పారు: విద్యార్థి చేసే పని, ఆ పని చేసే పరిస్థితి, ఎంత బాగా చేస్తే చాలు అనే ప్రమాణం. ఎవరు చేస్తారు అన్నదాన్ని కూడా కలిపి నాలుగు భాగాలుగా చెప్పడం ఆ తరువాత అలవాటైంది. చరిత్ర ఇంతవరకు తెలిస్తే రాయడానికి సరిపోతుంది.

1. పాఠాన్ని విప్పి పరచండి

లక్ష్యంతో మొదలుపెట్టకండి. ముందు తెల్లకాగితం తీసుకుని ఈ ఒక్క పీరియడ్‌లో ఏముందో రాయండి. మనం తీసుకున్నది సహజ సూచికల భాగం. సూచిక అంటే ఆమ్లమో క్షారమో రంగు మార్పుతో చెప్పే పదార్థం. ఇందులో ఊరికే గుర్తుంచుకోవలసినవి కొన్ని: పసుపు క్షారంలో ఎర్రబడుతుంది, మందార రేకులను వేడినీటిలో నానబెట్టిన ద్రవం ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. భావనలు రెండు: సూచిక, తటస్థం (ఆమ్లమూ క్షారమూ కానిది). చేతిపని ఒకటి: కాగితం పట్టీలు తయారుచేసుకుని, చుక్క వేసి పరీక్షించి, పట్టికలో రాయడం.

ఆ కాగితం కుడివైపు ఇంకో వరుస గీసి, పిల్లలు ఎక్కడ తప్పుతారో రాయండి. నా దగ్గర ఈ పాఠానికి మూడున్నాయి. చేదుగా ఉండేదంతా క్షారం, కాబట్టి కాకరకాయ క్షారం అనుకోవడం మొదటిది. పసుపు రంగు మారకపోతే తటస్థమని తేల్చేయడం రెండోది. ఏ నీరైనా తటస్థమే అనుకోవడం మూడోది. మీ ఊరి బోరునీటిలో ఎర్ర లిట్మస్ (క్షారంలో నీలంగా మారే సూచిక కాగితం) ముంచి చూడండి, కాస్త నీలం వైపు తిరిగినా ఆశ్చర్యపోకండి. నీటిలో కరిగిన లవణాలు ఆ పని చేస్తాయి.

ఈ కుడివైపు వరుస మీద నాకు ఎక్కువ మక్కువ. మంచి లక్ష్యాలు అక్కడి నుంచే పుడతాయి. ఎడమవైపు వరుస పాఠ్యపుస్తకంలో ఉన్నదే. కుడివైపుది టీచరు సొంత సంపాదన, ఏటేటా పెరుగుతుంది.

2. చివరి ప్రశ్న ముందు రాయండి

పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో పిల్లల చేత ఏం చేయిస్తారు? ఏ ప్రశ్న అడుగుతారు? ముందు అది రాసుకోండి, లక్ష్యం తరువాత. ముగ్గుకు ముందు చుక్కలు పెట్టుకోవడం లాంటిది ఇది.

పాఠ్యపుస్తకంలో ఉన్న ఉదాహరణే మళ్లీ అడిగితే జ్ఞాపకం బయటపడుతుంది, అంతకు మించి ఏమీ తెలియదు. కొత్తది కావాలి. ఈ పాఠానికి నాకిష్టమైన ప్రశ్న మన ఇళ్లలోనే ఉంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు అవుతాయి. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణిలో ఉన్నదీ అదే కిటుకు. "ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండుతూ పోతే ఏమవుతుంది? ఎందుకు?" ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే పసుపు సూచిక అని తెలియాలి, సున్నం క్షారమని తెలియాలి, నిమ్మరసం ఆ క్షారాన్ని తటస్థం చేసి, ఆపైన ద్రావణాన్ని ఆమ్లం వైపు నెడుతుందని ఊహించాలి. ఎరుపు పోయి పసుపు తిరిగి వస్తుందని ముందే చెప్పి, తరువాత పిండి చూస్తే అదొక పండగ. ఇలాంటి ప్రశ్న చేతిలో ఉంటే లక్ష్యం దానంతటదే వాక్యమవుతుంది: "సూచిక రంగు మారిన ద్రావణంలో ఆమ్లాన్ని కలిపితే ఏ మార్పు వస్తుందో ముందుగా ఊహించి, కారణం చెబుతారు."

3. క్రియాపదం దగ్గర ఆగండి

లక్ష్య వాక్యం ప్రాణం క్రియలో ఉంటుంది. తెలుగులో ఇక్కడ ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఇంగ్లిషు జాబితాలను తర్జుమా చేసుకుంటే అవి పట్టుబడవు.

తెలుసుకుంటారు, అర్థం చేసుకుంటారు, గ్రహిస్తారు, అవగాహన పొందుతారు. ఇవన్నీ తల లోపల జరిగేవి. లోపల జరగవద్దని కాదు, అక్కడ జరిగినట్టు ఆనవాలు బయట కావాలి. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ సవరించిన బ్లూమ్ వర్గీకరణలో రెండో మెట్టు పేరే "అర్థం చేసుకోవడం" కదా అని ఎవరో ఒకరు నన్ను తప్పకుండా అడుగుతారు. అది మెట్టు పేరు. బస్సు మీద "విజయవాడ" అని రాసి ఉంటుంది గానీ, ఏ స్టాపులో దిగాలో టికెట్టు మీద వేరుగా ఉంటుంది.

అసలు మోసగాడు "గుర్తించడం." మన పాఠ్యపథకాల్లో పదింటికి ఏడు వాక్యాలు దీనితోనే ముగుస్తాయేమో అనిపిస్తుంది. ఈ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులున్నాయి. చూపించిన వాటిలో సరైనదాన్ని పోల్చుకోవడం గుర్తుపట్టడం. ఏమీ చూపించకుండా మనసులోంచి తీసి చెప్పడం గుర్తుతెచ్చుకోవడం. పటంలో భాగాలకు పేర్లు రాయడం గుర్తు పెట్టడం. "కాలుష్యం ప్రమాదమని గుర్తిస్తారు" అన్నప్పుడు అది ఒప్పుకోవడం, ఒక అభిప్రాయానికి రావడం. "విద్యార్థి ఆమ్లాలను గుర్తిస్తాడు" అని రాసిన టీచరును వీటిలో ఏది అని అడగండి. చాలాసార్లు కాసేపు మౌనం ఉంటుంది. మీరు కోరుకున్న అర్థానికి సరిపోయే మాటే రాయండి: "ఎంచి చూపిస్తారు", "చూడకుండా నాలుగు పేర్లు చెబుతారు", "పటంలో పేర్లు రాస్తారు".

"వివరిస్తారు" కూడా అంతే. ప్రయోగం ఎలా జరిగిందో వరుసగా చెప్పడం వివరించడమే, రంగు ఎందుకు మారిందో కారణం చెప్పడమూ వివరించడమే. మొదటిది చూసినవాళ్లెవరైనా చేస్తారు. రెండోదానికి ఆలోచన కావాలి. "క్రమంలో చెబుతారు", "కారణం చెబుతారు" అని విడదీస్తే పిల్లలకు ఇచ్చే మార్కుల్లో కూడా న్యాయం ఉంటుంది.

"పరిశీలిస్తారు, చర్చిస్తారు, ప్రయోగంలో పాల్గొంటారు" అనేవి మరో రకం. ఇవి కనిపించే పనులే, కానీ పాఠం మధ్యలో జరిగే కృత్యాలు. ముప్పావు గంట చర్చించి ఏమీ తేల్చకుండా లేచిన సమావేశాలు మనకు తెలియనివా? చర్చ తరువాత పిల్లల చేతిలో ఏం మిగులుతుందో అది లక్ష్యం. కృత్యాన్ని బోధనాభ్యసన ప్రక్రియ గడిలో రాసుకోండి, దాని చోటు అది.

నేను నమ్మే క్రియలు సాదాసీదావి: చెబుతారు, రాస్తారు, గీస్తారు, కొలుస్తారు, విడదీస్తారు, జత చేస్తారు, పోల్చి తేడా చెబుతారు, తప్పు పట్టి సరిచేస్తారు, ముందుగా ఊహించి చెబుతారు, ప్రయోగం రూపొందిస్తారు. వీటిలో "తప్పు పట్టి సరిచేస్తారు" అనేదాన్ని సైన్సు టీచర్లు తక్కువగా వాడుతున్నారని నాకనిపిస్తుంది. తప్పుగా రాసిన ఒక ప్రయోగ పట్టికను పిల్లలకిచ్చి చూడండి, తరగతి ఎంత చురుగ్గా మారుతుందో తెలుస్తుంది.

కర్త గురించి ఒక మాట. పాత పుస్తకాల్లో "విద్యార్థి వర్గీకరిస్తాడు" అని ఉంటుంది. ఆడపిల్లలు ఏం చేస్తారో తెలియదు. "విద్యార్థులు వర్గీకరిస్తారు" అంటే ఆ లోటు తీరుతుంది గానీ, ముందు బెంచీలోని నలుగురు చెప్పినా వాక్యం నెరవేరినట్టే అనిపిస్తుంది. "ప్రతి ఒక్కరూ" అని రాయండి. ఆ రెండు మాటలు మీ పాఠాన్నే మార్చేస్తాయి. ప్రతి ఒక్కరిదీ చూడాలంటే బృందగానపు జవాబులు చాలవు, పలకో కాగితమో ఉండాలి.

4. పరిస్థితిని చెప్పండి

పిల్లలు ఆ పని ఏమి చేతిలో ఉండగా చేస్తారు, ఏమి లేకుండా చేస్తారు? పుస్తకం తెరిచి ఉందా, పట్టిక ముందుందా, గిన్నెల మీద పేర్లు రాసి ఉన్నాయా? పరిస్థితి మారితే పని కష్టమే మారిపోతుంది. "నిమ్మరసం" అని చీటీ అతికించిన గిన్నెను ఆమ్లం అని చెప్పడానికి సూచికే అక్కర్లేదు, పుల్లగా ఉంటుందని తెలిస్తే చాలు. చీటీ తీసేస్తే అది పరీక్ష. (రుచి చూసి చెప్పడం ప్రయోగశాలలో ఎప్పటికీ పనికిరాదని ఇక్కడే చెప్పేయండి.)

"తరగతి గదిలో", "పాఠం ముగిసిన తరువాత" లాంటివి పరిస్థితులు కావు. అన్ని పాఠాలకూ అతికేది ఏ పాఠానికీ ఉపయోగపడదు.

ఒక వాక్యం నా చేతిలో మూడుసార్లు మారిన తీరు చూపిస్తాను. మొదట: "విద్యార్థులు సూచికల గురించి తెలుసుకుంటారు." తరువాత: "విద్యార్థులు పదార్థాలను ఆమ్లాలు, క్షారాలు, తటస్థ పదార్థాలుగా విడదీస్తారు." మెరుగే, కానీ దేనితో? మూడోసారి: "పేర్లు రాయని ఆరు ద్రావణాలను పసుపు కాగితం, మందార ద్రవం వాడి ప్రతి ఒక్కరూ ఆమ్లం, క్షారం, తటస్థం అని మూడుగా విడదీస్తారు."

ఇది రాశాక నాకొక అనుమానం వచ్చింది. మందార ద్రవం ఒక్కటే మూడింటినీ విడదీస్తుంది కదా, మరి పసుపు ఎందుకు? తీసేద్దామా? ఆలోచిస్తే, తీసేయడం కంటే పసుపును ఒంటరిగా నిలబెట్టడం మంచిదనిపించింది. అలా ఈ పాఠానికి నేను రాసిన వాటిలో నాకు బాగా నచ్చిన లక్ష్యం పుట్టింది: "పసుపు కాగితం మాత్రమే ఇచ్చినప్పుడు, ఏ ద్రావణాల గురించి కచ్చితంగా చెప్పగలమో, వేటి గురించి తేల్చలేమో ప్రతి ఒక్కరూ రాస్తారు, తేల్చడానికి ఇంకే సూచిక కావాలో సూచిస్తారు." పరికరం హద్దు తెలుసుకోవడం సైన్సులో సగం చదువు. పరిస్థితి గురించి ఆలోచించకపోతే ఈ వాక్యం నా కలం కిందికి వచ్చేదే కాదు.

5. ఎంత బాగా చేస్తే చాలు?

ప్రమాణం దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉంది. ప్రతి వాక్యం చివరా "80 శాతం కచ్చితత్వంతో" అని తగిలించడం. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో 80 శాతం కచ్చితత్వంతో చెప్పడం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ప్రమాణం విషయంలోంచి రావాలి.

కొలతల్లో పరికరమే ప్రమాణం ఇస్తుంది. 50 మిల్లీలీటర్ల కొలజాడీ మీద గీతలు ఒక్కో మిల్లీలీటరుకు ఉంటే, "కంటిని నీటి మట్టానికి సమానంగా ఉంచి, నీటి వంపు అడుగుభాగం దగ్గర, 1 మిల్లీలీటరుకు మించని తేడాతో చదువుతారు" అని రాయవచ్చు. అంతకంటే సూక్ష్మంగా అడగడం అన్యాయం, వదులుగా అడగడం సోమరితనం. విడదీసే పనుల్లో లెక్క పనికొస్తుంది: ఆరింటిలో ఐదు. ఆరింటికీ ఆరు ఎందుకు అడగలేదంటే, పిల్లల కాగితాలు తడిసిపోతాయి, చుక్కలు కలిసిపోతాయి. ఒక తప్పుకు చోటివ్వాలి. కారణం చెప్పే పనుల్లో లెక్క కుదరదు, ఏ మాటలు తప్పనిసరిగా రావాలో రాయండి: జవాబులో "క్షారం", "సూచిక" అనే రెండు భావనలూ ఉండాలి.

భద్రత దగ్గర మాత్రం బేరాల్లేవు. పై తరగతుల్లో గాఢ ఆమ్లాన్ని విలీనం చేసే పని వచ్చినప్పుడు, ఆమ్లాన్నే నీటిలోకి కొద్దికొద్దిగా కలపాలి, నీటిని ఆమ్లంలోకి పోయకూడదు. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా చేస్తే చాలని అక్కడ ఎవరూ రాయరు. ప్రతిసారీ అని రాయాలి. ఆ తరగతిలో అసలు గాఢ ఆమ్లం పిల్లల చేతికివ్వాలా అన్నది వేరే ప్రశ్న, నేనైతే ఇవ్వను.

6. మెట్లు చూసుకోండి, కానీ నిచ్చెనకు బానిస కావద్దు

రాసినవన్నీ ఒకచోట పెట్టి చూస్తే తరచుగా అన్నీ బ్లూమ్ మొదటి మెట్టు మీదే, అంటే జ్ఞాపకం దగ్గరే, ఉంటాయి. పేర్లు చెబుతారు, నిర్వచనం రాస్తారు, ఉదాహరణలిస్తారు. కనీసం ఒకటైనా వినియోగం వైపు, ఒకటి విశ్లేషణ వైపు ఉండాలి. మైసూరులోని ప్రాంతీయ విద్యా కళాశాలలో రూపొందిన పద్ధతి నాలుగు లక్ష్యాల కింద పదిహేడు మానసిక ప్రక్రియలు చెబుతుంది. బ్లూమ్ ఆరు మెట్ల కంటే అది క్రియలకు దగ్గరగా ఉంటుందని దాన్ని ఇష్టపడేవాళ్లున్నారు. ఏది వాడినా పట్టింపు లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యాప్రణాళిక పరిధిపత్రం 2011 తరువాత వచ్చిన సైన్సు పుస్తకాల్లో ఏడు విద్యాప్రమాణాలు కనిపిస్తాయి. విషయావగాహన, ప్రశ్నించడం–పరికల్పన చేయడం, ప్రయోగాలు–క్షేత్ర పరిశీలనలు, సమాచార నైపుణ్యాలు–ప్రాజెక్టులు, బొమ్మలు–నమూనాలు, అభినందన–విలువలు, నిజజీవిత వినియోగం అని స్థూలంగా. 2017లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఒక్కో తరగతికి అభ్యసన ఫలితాలు ప్రకటించింది. "ఇవన్నీ వచ్చాక ప్రవర్తనా లక్ష్యాలెందుకు?" అనే టీచర్లకు నా జవాబు ఒక్కటే. అవి ఏడాది మొత్తానికి చెప్పినవి. రేపు మూడో పీరియడ్‌లో ఏం చేయాలో అవి చెప్పవు. అభ్యసన ఫలితాన్ని పీరియడ్ సైజుకు కోసుకోవడమే మన పని. ఎర్రనీళ్ల ప్రశ్న నిజజీవిత వినియోగం కిందికి వస్తుంది, పసుపు హద్దు ప్రశ్న పరికల్పన కిందికి వస్తుంది, చుక్క పరీక్ష ప్రయోగాల కిందికి. ఒక పీరియడ్‌లో ఏడింటినీ నింపాలని చూస్తే ఏదీ నిలవదు.

7. చేతిపని, మనసుపని

నైపుణ్యానికి లక్ష్యం రాయడం తేలికే, సరిచూడటమే కష్టం. భారతీయ విద్యావేత్త ఆర్.హెచ్. దవే నైపుణ్యాలను అనుకరణ నుంచి సహజంగా అలవడే దాకా ఐదు మెట్లుగా చెప్పారు. పాఠశాలలో మనం ఎక్కువగా మొదటి రెండు, మూడు మెట్ల దగ్గరే ఉంటాం. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. ఆరుగురి బృందంలో ఒకరు చుక్కలు వేస్తే, ఒకరు రాస్తే, నలుగురు చూస్తే, నైపుణ్యం ఎవరికి వచ్చినట్టు? అందుకే ఆరు గిన్నెలు పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో గిన్నె అప్పగించండి. ఆరుగురూ చుక్క వేయక తప్పదు, ఆరు ఫలితాలూ కలిస్తేనే పట్టిక నిండుతుంది.

ఇక వైఖరులు. "శాస్త్రవేత్తల కృషిని అభినందిస్తారు" అన్న వాక్యం లేని పాఠ్యపథకం నేను చూసింది తక్కువ. ఎలా అభినందిస్తారమ్మా అని అడిగితే, "చప్పట్లు కొట్టిస్తాను సార్" అన్న శిక్షణార్థిని కూడా ఉంది. నవ్వాను గానీ, ఆమె కనీసం కనిపించే ప్రవర్తన కోసం వెతికింది!

వైఖరి బయటపడేది ఎవరూ చెప్పకుండా, మార్కులు లేకుండా పిల్లలు చేసే పనిలో. కాబట్టి అలాంటి సందర్భాన్ని మనం ఏర్పాటు చేసి, చూసి, రాసుకోవాలి. ఈ పాఠంలో ఒక గిన్నెలో బోరునీరు, ఒక గిన్నెలో స్వేదన జలం పెడతాను. మందార ద్రవంతో పాటు ఆ రెండింటికీ ఎర్ర లిట్మస్ కూడా ఇస్తాను. బోరునీరు తటస్థమని రాసుకుని కూర్చున్న పిల్లలకు లిట్మస్ నీలం వైపు తిరిగితే ఏం చేస్తారు? కొందరు పక్కవాడి పట్టిక చూసి కొట్టేసి రాస్తారు. కొందరు మళ్లీ చుక్క వేసి చూస్తారు. లక్ష్యం ఇలా రాయవచ్చు: "అనుకున్న దానికి భిన్నంగా ఫలితం వచ్చినప్పుడు దాన్ని కొట్టేయకుండా నమోదు చేసి, పరీక్షను మళ్లీ చేస్తారు." దీనికి మార్కులివ్వను. ఎవరు చేశారో నా పుస్తకంలో రాసుకుంటాను. మూడు నెలల్లో మూడు ప్రయోగాల్లో అదే పిల్లవాడు అలాగే చేస్తే, శాస్త్రీయ దృక్పథం అనే పెద్ద మాట అతని విషయంలో వాడటానికి నాకు కొంత ధైర్యం వస్తుంది. ఒక్క పీరియడ్‌లో వైఖరి మారిందని రాయడం మాత్రం అబద్ధం.

8. జల్లెడ పట్టండి

ఇప్పటికి మీ దగ్గర పది వాక్యాలుంటాయి. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌కు మూడు, మహా అయితే నాలుగు. ఏది ఉంచాలో తేలకపోతే కుడివైపు వరుసలోని తప్పులను సరిచేసేవి ఉంచండి, పుస్తకం చదివితే వచ్చేసేవి తీసేయండి.

మిగిలినవాటిని పక్క సబ్జెక్టు టీచరుకు ఇవ్వండి. సోషల్ టీచరైతే మరీ మంచిది. "ఈ వాక్యం చదివి, మా తరగతిలోకి వచ్చి, ఎవరు సాధించారో ఎవరు సాధించలేదో చెప్పగలరా?" అని అడగండి. చెప్పగలనంటే లక్ష్యం కుదిరినట్టు. "మీ ఉద్దేశం ఏమిటి?" అని ఎదురు ప్రశ్న వేస్తే వాక్యంలో ఇంకా పొగమంచు ఉంది. నేను ఒకప్పుడు గంటలు తీసుకుని రాసిన లక్ష్యాలను మా తెలుగు పండితుడు అరనిమిషంలో పడగొట్టేవారు. రెండు క్రియలు ఒకే వాక్యంలో ఉన్నాయని ఆయనే ఎక్కువసార్లు పట్టుకున్నారు. "పరీక్షించి, వర్గీకరించి, కారణాలు విశ్లేషిస్తారు" అన్నాననుకోండి, పిల్లవాడు మొదటి రెండూ చేసి మూడోది చేయకపోతే సాధించినట్టా, లేనట్టా? ఒక వాక్యానికి ఒక పని.

జల్లెడలో మిగిలి, నేను తరగతికి తీసుకెళ్లే నాలుగు ఇవి:

పేర్లు రాయని ఆరు ద్రావణాలను మందార ద్రవం వాడి ప్రతి ఒక్కరూ ఆమ్లం, క్షారం, తటస్థం అని విడదీసి పట్టికలో రాస్తారు. కనీసం ఐదు సరిగా ఉండాలి.

పసుపు కాగితం మాత్రమే వాడి నింపిన ఒక పట్టికను ఇచ్చినప్పుడు, అందులో "తటస్థం" అని తొందరపడి రాసిన వరుసలను ప్రతి ఒక్కరూ ఎంచి, ఎందుకు తొందరపాటో ఒక వాక్యంలో రాస్తారు.

పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లలో నిమ్మరసం కలుపుతూ పోతే వచ్చే మార్పును, ప్రయోగం చూడకముందే ప్రతి ఒక్కరూ రాసి, కారణంలో "క్షారం", "సూచిక" అనే భావనలు వాడతారు.

అనుకోని ఫలితం వచ్చినప్పుడు కొట్టేయకుండా నమోదు చేసి, పరీక్షను మళ్లీ చేస్తారు. (పరిశీలనకే, మార్కులు లేవు.)

పసుపు హద్దు గురించిన వాక్యం మళ్లీ మారిందని గమనించారా? "ఏది తేల్చలేమో రాస్తారు" అన్నది "తొందరపడి రాసిన వరుసలను ఎంచుతారు" అయింది. ఏడో తరగతిలో ఖాళీ కాగితం మీద రాయమంటే చేయలేనివాళ్లు కూడా, ఎదుట ఉన్న తప్పును పట్టుకోగలరు. తరగతిని చూసి క్రియను మార్చుకోవడం ఓటమి కాదు.

పీరియడ్ అయ్యాక ఒక్కో లక్ష్యం పక్కన ఎంతమందికి వచ్చిందో అంకె వేయండి. నలభైలో పన్నెండుమందికే వస్తే రేపటి పాఠం అక్కడి నుంచే. ఈ అంకె వేయకపోతే ఇంతసేపు చేసినదంతా దస్తూరీ అభ్యాసమే.

లక్ష్యంలో పట్టనివి

ఈ పద్ధతి మీద విమర్శలు లేకపోలేదు. 1960ల్లోనే ఇలియట్ ఐస్నర్ అనే విద్యావేత్త, ముఖ్యమైన అనుభవాలన్నిటి ఫలితాన్నీ ముందే రాయలేమని వాదించారు. ఆయన కళల వైపు నుంచి మాట్లాడారు గానీ, సైన్సుకూ అది వర్తిస్తుందని నా అనుభవం. చెరువు గట్టుకు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు నేను కఠినమైన లక్ష్యాలు రాయను. "కనీసం మూడు ప్రశ్నలతో తిరిగి వస్తారు" అంటాను, అంతే. కొలవగలిగిందే బోధించే ప్రమాదం కూడా నిజమే. నా పద్ధతి ఏమిటంటే, నాలుగు లక్ష్యాల కింద ఐదో గీత ఖాళీగా వదిలేస్తాను. అనుకోనిది వస్తే రాసుకోవడానికి.

మొదట చెప్పిన ఆ అమ్మాయి రెండు వారాల తరువాత అదే పాఠాన్ని ఇంకో సెక్షన్‌లో చెప్పింది. మూడో లక్ష్యం దగ్గర ఎర్రనీళ్లు పసుపుపచ్చబడ్డాయి, పిల్లలు అరిచారు. అంతా సర్దుకున్నాక వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "టీచర్, మా ఇంట్లో రాత్రి దిష్టి తీసి పక్కన పెట్టిన ఎర్రనీళ్లు పొద్దుటికి వెలిసిపోయాయి. వాటిలో నిమ్మకాయ ఎవరూ పిండలేదు కదా?" అన్నాడు. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. రెండు గిన్నెల్లో ఎర్రనీళ్లు పోయించి, ఒకదానికి గట్టిగా మూత పెట్టించి, ఇంకోదాన్ని తెరిచి కిటికీలో పెట్టించింది. పాఠ్యపథకం నా దగ్గరికి వచ్చినప్పుడు ఐదో గీత మీద ఆ పిల్లవాడి ప్రశ్న ఉంది, పక్కన బ్రాకెట్లో "రేపు ఉదయం చూడాలి" అని.